గ్వాసాకన్న మాట

కాదిస్ ఊళ్ళో, సముద్రాన్ని ఆనుకుని ఉన్న లా వీన్యా పేటలో పిల్లలకు అమ్మ, నాన్న తరవాత వచ్చే మాట గ్వాసా. వేళాకోళం కంటే ఒక పిసరు పదునుగా, ఎగతాళి కంటే ఒక పిసరు మెత్తగా ఉంటుంది అది. ఎంత తిట్టు తిట్టినా "గ్వాసాకన్నానులే" అంటే ఆ తిట్టు వెనక్కి పోయినట్టే. దుప్పట్లు ఉతికి ఆరేసిన రోజునే తూర్పు గాలి ఇసుక మోసుకొచ్చి వాటి మీద పోస్తే, ఆడవాళ్ళు నడుం మీద చేతులేసుకుని ఆకాశం వైపు చూసి "భలే గ్వాసా నీది!" అంటారు. "వాడికి గ్వాసా ఉంది" అని ఎవరైనా అంటే, అది పొగడ్తో హెచ్చరికో అన్న మనిషి కనుబొమలు చూసి తెలుసుకోవాలి. నిజంగా నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం "గ్వాసా లేకుండా చెబుతున్నాను" అని మొదలుపెడతారు. ఆ మాట వినగానే ఎదుటివాళ్ళు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

పాల్మా ఆ పేటలోనే పుట్టి, ఆ పేటలోనే అరవై దాటింది. అయినా ఆమెకు గ్వాసా అబ్బలేదు. జోకు చెప్పడం చేతకాదు సరే, ఇంకొకరు చెప్పిన జోకు కూడా అందరికంటే ఆలస్యంగా అందుకునేది. అందరూ నవ్వి, కళ్ళు తుడుచుకుని, వేరే మాటలో పడ్డాక అప్పుడు పకపకమని మొదలుపెట్టేది. ఆ ఆలస్యపు నవ్వు పేటంతటికీ తెలుసు. చేపల బజార్లో కొట్టు నడిపిన ఆమె భర్త ఎలోయ్‌కైతే ఆ నవ్వంటే ప్రాణం. "నా ప్రతి జోకుకీ రెండు పంటలు. మొదటిది ఊరిది, రెండోది నా పెళ్ళానిది" అనేవాడు.

ఎలోయ్ పోయి కొన్నేళ్ళయింది. ఒక చలికాలం పొద్దున కొట్టు దగ్గర, ఎవరికో సార్డీను చేపలు తూస్తూ తక్కెడ మీదికి ఒరిగిపోయాడు. ఆ రోజు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఎప్పటిలాగే మెట్ల మీంచి కేకేశాడు, "మెట్లు దిగుతున్నానే!" అని. పాల్మా శనగలు కడుగుతోంది. కుళాయి చప్పుడులో బదులు పలకలేదు. తరవాత పలుకుదామంటే మనిషి లేడు. అప్పట్నుంచి ఆమెకొక అలవాటు పట్టుకుంది. ఇంటికొచ్చినవాళ్ళు ఎవరు వెళ్తున్నా, గ్యాసు సిలిండరు తెచ్చేవాడైనా సరే, బాల్కనీలోకొచ్చి వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడుతుంది.

ఇంకో అలవాటు కూడా ఉంది. అది ఒక్క మనిషికే తెలుసు.

ఎలోయ్ ఫోను ఆమె సొరుగులో పెట్టి ఉంచింది. ఫోను ఆపేసే ఉంటుంది కానీ నంబరు మాత్రం పోకుండా చూసుకుంటోంది. రోజూ కాఫీ పెట్టుకుని తన ఫోన్లోంచి ఆ నంబరు నొక్కుతుంది. అవతల్నుంచి ఎలోయ్ పలుకుతాడు. ఎప్పుడో ఒక సాయంత్రం వంటింట్లో ఫోను ఎత్తనప్పుడు వినబడేలా గ్వాసాకి రికార్డు చేసిన పలకరింపు అది: "ఎలోయ్ అందుబాటులో లేడు. పనికి పిలిస్తే చచ్చాననుకోండి. తాగడానికి పిలిస్తే మెట్లు దిగుతున్నాననుకోండి." చివరిదాకా విని, ఫోను పెట్టేసి, కాఫీ తాగుతుంది. ఒక్కరోజు కూడా ఆమె తిరిగి ఏమీ అనలేదు. ఏమనాలో తెలియదు.

ఆ సంగతి తెలిసిన ఒక్క మనిషి రెగ్లా. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే చర్చిలో ఒకే ఆదివారం మొదటి దివ్యప్రసాదం తీసుకున్నారు. ఒకరి తెల్ల గౌనుకు ఇంకొకరు చాకొలెట్టు పూసుకుని ఇద్దరూ దెబ్బలు తిన్నారు. రెగ్లాకు గ్వాసా దేవుడు గరిటెతో కాదు, గంపతో పోశాడు. నోరు తెరిస్తే పక్కనున్నవాళ్ళు పొట్ట పట్టుకోవలసిందే. పోయిన శరత్కాలంలో, వాన పడుతున్న ఒక సాయంత్రం, పాల్మా ఉండబట్టలేక ఆ ఫోను సంగతి చెప్పేసింది. రెగ్లా జోకు వెయ్యలేదు. పాల్మా తల తన ఒళ్ళో పెట్టుకుని, జుట్టు నిమురుతూ, "చెయ్యి తల్లీ, చేసుకో. ఇందులో తప్పేముంది" అంది. ఆమె కంట్లోంచి ఒక చుక్క పాల్మా చెవి మీద పడింది. ఆ చుక్క వెచ్చదనం పాల్మాకు చాలా రోజులు గుర్తుంది.

పేటలో రెగ్లాకు పేరు తెచ్చింది చిరిగోత. కార్నివాల్ రోజుల్లో వేషాలు కట్టి, డోలూ గిటారూ పట్టుకుని, సందు సందునా నిలబడి పాడే గుంపు అది. రెగ్లా నడిపేది ఆడవాళ్ళ గుంపు. పాటలన్నీ ఆమె రాతే. ఆ పాటల్లో రెండు రకాలుంటాయి. బరువు పాట వింటూ జనం టోపీలు తీస్తారు. కొంటె పాట వింటూ గోడలకు జారబడతారు. ఏ పాటైనా కార్నివాల్ మొదటి ఆదివారం దాకా గుట్టే. కట్టుకున్న మొగుడికి కూడా పల్లవి చెప్పరు.

గుంపుకు వేషాలు కుట్టేది పాల్మా. ఈ ఏడు వేషం పాతకాలపు టెలిఫోన్ ఎక్స్ఛేంజి అమ్మాయిలు. నీలం గౌను, తెల్ల కాలరు, చెవులకు తొడుగులు, నడుముకు వేలాడే ఎర్ర వైర్లు.

"ఎందుకే ఈ వేషం?" అని పాల్మా కొలతలు తీస్తూ అడిగింది.

"ఊరికే. గ్వాసాకి," అంది రెగ్లా చేతులు పైకెత్తి నిలబడి. "నడుం దగ్గర వదులు పెట్టవే, పాడేటప్పుడు ఊపిరాడాలి. గుండెల దగ్గర కూడా వదులు పెట్టు. పాపం, అవి ఎక్కడున్నాయో అవి కూడా వెతుక్కుంటున్నాయి."

పాల్మా రెండు కుట్లు వేశాక నవ్వింది.

రిహార్సళ్ళు పాత వలల గోదాములో జరిగేవి. పాల్మా గుండుసూదుల దిండు మణికట్టుకు కట్టుకుని వెళ్ళి మూల కూర్చుని అంచులు మడిచేది. ఆమె ముందు అన్ని పాటలూ పాడేవారు, ఒక్కటి తప్ప. ఆ పాట మధ్యలో ఉండగా ఆమె అడుగు పెడితే డోలు ఆగిపోయేది. గిటారు అమ్మాయి తీగలు సవరించుకునేది. అందరూ కిటికీలోంచి చూడటానికి ఏదో ఉన్నట్టు అటు చూసేవారు.

పేటలో ఒక పద్ధతి ఉంది. పేటవాడెవడైనా పోతే, ఎప్పుడో ఒక కార్నివాల్లో వాడి మీద ఒక బరువు పాట కడతారు. ఇంటివాళ్ళకు ముందు చెప్పరు. నడి వీధిలో, వాళ్ళ ఎదురుగా మొదటిసారి పాడతారు. రొట్టెల బట్టీ ముసలాయనకు అలాగే కట్టారు. ఆయన భార్య వచ్చినప్పుడల్లా డోలు అలాగే ఆగేది. పాల్మాకు అది బాగా గుర్తుంది, ఎందుకంటే అప్పుడు కిటికీలోంచి చూసినవాళ్ళలో ఆమె కూడా ఉంది.

అందుకని పాల్మాకు అర్థమైపోయింది. ఈ ఏడు ఎలోయ్ వంతు.

ఎవరితోనూ అనలేదు. కానీ రాత్రింబవళ్ళు ఆ గౌన్ల మీదే కూర్చుంది. మామూలుగా మిషను కుట్టేసే అంచుల్ని చేత్తో కుట్టింది. రెగ్లా కాలరుకు లోపలి వైపు, ఎవరికీ కనబడనిచోట, నీలం దారంతో చిన్న చేప కుట్టింది. ఇక ఉండబట్టలేక, అఖాతానికి అవతలున్న ప్యుయెర్తో రియాల్‌కు ఫోను చేసి ఆడపడుచు కాసిల్దాను రమ్మంది. కాసిల్దా ఎలోయ్‌కు అక్క. మోకాళ్ళ నొప్పులు, నోట్లో ఎప్పుడూ జపం, కార్నివాల్ అంటే పడని మనిషి.

"ఆ తాగుబోతు గోలకు నేనెందుకు అమ్మాయ్?"

"ఈసారి రా వదినా. మొదటి ఆదివారం. నువ్వు వినాల్సింది ఒకటుంది. గ్వాసా లేకుండా చెబుతున్నాను."

కాసిల్దా బస్సెక్కి వచ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం సందులన్నీ కిక్కిరిసి ఉన్నాయి. జనం సముద్రపు ముళ్ళకాయలనే పెంకు జీవుల్ని పగలగొట్టుకుని నిలబడి తింటున్నారు. కింద పెంకులు చెప్పుల కింద కరకరలాడుతున్నాయి. పాల్మా నల్ల కోటు వేసుకుంది. పెళ్ళినాటి చెవిపోగులు పెట్టుకుంది. కాసిల్దాను మోచెయ్యి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ ముందు వరసకు తెచ్చింది. జేబులో రెండు చేతిరుమాళ్ళు పెట్టుకుంది, ఒకటి తనకు, ఒకటి వదినకు.

గుంపు సందు మొగలో నిలబడింది. నీలం గౌన్లు ఎండలో మెరిశాయి. డోలు మోగింది. రెండు పాటలయ్యాయి. అప్పుడు రెగ్లా ఒక అడుగు ముందుకేసి, ముందు వరసలో పాల్మాను చూసి కన్ను గీటింది. పాల్మా చేతిరుమాలు బయటికి తీసింది.

గిటారు ఎత్తుకున్నది బరువు పాట బాణీ కాదు, కొంటె పాట బాణీ. అప్పటికే పాల్మా కాళ్ళకు తెలిసిపోయింది, మనసుకు ఇంకా తెలియలేదు.

*మా సందులో ఒకావిడ మొగుణ్ణి మట్టిలో పెట్టింది,*
*మట్టిలోంచి పలికేలా ఫోను మాత్రం ఉంచింది.*
*పొద్దున్నే కాఫీ పెట్టుకుని నంబరు నొక్కుతుంది,*
*పరలోకపు లైనులోంచి బదులొక్కటి వస్తుంది:*
*"పనికైతే చచ్చానే!*
*తాగడానికైతే మెట్లు దిగుతున్నానే!"*

జనం గొల్లుమన్నారు. రెగ్లా చెయ్యెత్తి ఆపింది. ముఖంలో చిన్న ముడత కూడా లేదు. చివరి రెండు చరణాలు ఒక్కతే పాడింది.

*బతికున్న మా ఆయన ఫోనెత్తడు ఏనాడూ,*
*ఆవిడ చచ్చిన మొగుడు మొదటి గంటకే పలుకుతాడు!*

సందు విరగబడింది. ఒక ముసలాయన తన ముళ్ళకాయ పళ్ళెం జారవిడిచాడు. వెనకనుంచి ఎవరో "మెట్లు దిగుతున్నానే!" అని అరిస్తే, బాల్కనీల్లోంచి ఇంకెవరో అందుకున్నారు, ఆ తరవాత సందంతా అందుకుంది. ఎలోయ్ ఒక్కడు మెట్ల మీంచి అన్న మాటను వందమంది గొంతులు ఎత్తి పట్టుకున్నాయి.

పాల్మా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. చూసినవాళ్ళు ఆమె నవ్వాపుకుంటోందనుకున్నారు. "చూశావా, పాల్మా కూడా నవ్వుతోంది!" అని ఎవరో భుజం చరిచారు. గుంపు డోలు కొట్టుకుంటూ పక్క సందుకు కదిలిపోయింది. ఎర్ర వైర్లు వెనక ఊగుతూ వెళ్ళాయి, పాల్మా ఒక్కొక్కటే మెలితిప్పి కుట్టిన వైర్లు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. ఆమె నానబోసింది సామాన్యమైన గింజల్ని కాదు.

 ఇంటికి చేరాక కాసిల్దా కుర్చీలో కూలబడి, మోకాళ్ళు రుద్దుకుంటూ అడిగింది.

"అది మా తమ్ముడి మాటే కదూ?"

"అవును వదినా."

"అయితే ఆ ఫోను సంగతి నిజమేనా? వాడి గొంతు ఉందా నీ దగ్గర?"

పాల్మా తలూపింది.

"ఇన్నేళ్ళూ రోజూ వింటున్నావా?" కాసిల్దా మోకాళ్ళు రుద్దుకోవడం ఆపేసింది. "వాణ్ణి చంకనేసుకుని పెంచినదాన్నే. వాడి గొంతు ఎలా ఉండేదో గుర్తు చేసుకుందామని పక్క మీద పడుకుని తంటాలు పడుతున్నానే. నాకొక్కమాట చెప్పలేకపోయావా? ఆ పాటలమ్మకు చెప్పుకున్నావు, నాకు చెప్పలేదు."

 పాల్మా తన ఫోను చేతిలోకి తీసుకుని, "ఇప్పుడు వింటావా?" అంది.

"ఇప్పుడొద్దు. ఇప్పుడు వింటే ఆ అరుపులే వినబడతాయి. వచ్చే ఆదివారం వస్తాను."

కాసిల్దా మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగింది. పాల్మా బాల్కనీలో నిలబడి ఆమె మలుపు తిరిగేదాకా చూసింది. కాసిల్దా ఎప్పుడూ మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యూపేది. ఆ రోజు ఊపలేదు.

మర్నాటి నుంచి ఆ మాట పేటంతా పాకింది. బట్టీలో రొట్టె అడిగితే, కొట్టువాడు "మెట్లు దిగుతోంది!" అంటూ పొట్లం కట్టాడు. బస్సు డ్రైవరు తలుపు మూస్తూ "పనికైతే చచ్చానే!" అన్నాడు, సీట్లలో ఉన్నవాళ్ళు మిగతాది పూర్తి చేశారు. బజారులో, ఎలోయ్ కొట్టు ఉండిన చోట, ఇప్పుడు వేరే పేరు కింద చేపలమ్మే కుర్రాడు కూడా అదే మాట పెట్టి గిరాకీని పిలుస్తున్నాడు. ఎవరికీ కోపం లేదు, ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అందరూ సంతోషంగా ఉన్నారు. సంతోషంగా ఉన్నవాళ్ళను ఏమని తిడతాం?

పాల్మా పొద్దున్నే కాఫీ పెట్టుకుని నంబరు నొక్కేది. ఎలోయ్ పలికేవాడు. అతను "మెట్లు" అనే లోపే ఆమె చెవిలో సందు మొత్తం అరిచేది. కాఫీ తాగకుండా పారబోసేది.

బుధవారం నాడు రెగ్లా చంకలో గౌను పెట్టుకుని వచ్చింది. చంక కింద కుట్టు విడిపోయింది.

"ఒసే పాల్మా, ఊపిరాడాలన్నాను కానీ గాలి రావాలనలేదే!" అంటూ లోపలికొచ్చి, స్నేహితురాలి మొహం చూసి ఆగింది. "అదేంటి, అలా ఉన్నావు? ఒంట్లో బాలేదా?"

"అది నీకు చెప్పిన మాట," అంది పాల్మా.

రెగ్లా గౌను కుర్చీ మీద పెట్టింది. "పేరు పెట్టానా? ఒకావిడ అన్నాను."

"మెట్లు దిగుతున్నానని కేకేసేవాడు ఈ పేటలో ఒక్కడే."

"అందుకే కదే రాసింది! వాణ్ణి మరిచిపోతున్నారు, నీకు కనబడ్డం లేదా? బరువు పాట రాశాననుకో, ఏముంది, రెండు చుక్కలు కార్చి పక్క సందులో రొయ్యల వడలు తింటారు. ఇప్పుడు చూడు, బస్సు డ్రైవరు కూడా వాడి మాటే అంటున్నాడు."

"ఆ డ్రైవరుకి వాడెవడో తెలీదు రెగ్లా."

"తెలియక్కర్లేదు. మాట బతికింది చాలు." రెగ్లా ఎదురుగా కూర్చుని పాల్మా చేతులు పట్టుకుంది. "ఎలోయ్ ఉంటే అందరికంటే ముందు నవ్వేది వాడే. కాదను."

కాదనలేకపోయింది పాల్మా. అదే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. పాట బాగుంది. ఎలోయ్ ఉంటే బల్ల చరిచి, మళ్ళీ పాడించుకుని, రెగ్లాకు సీసా కొనిచ్చేవాడు.

"వాడుంటే నవ్వేవాడు," అంది చివరికి. "వాడుంటే నేను ఫోను చెయ్యను కదే."

 రెగ్లా చేతులు వదిలేసి, కిటికీ వైపు చూసి, గొంతు సవరించుకుంది.

"వాడు ఆ మాట రికార్డు చేసినరోజు నేనూ ఈ వంటింట్లోనే ఉన్నాను, మరిచిపోయావా? నువ్వూ నేనూ ఇక్కడే కూర్చుని నెత్తళ్ళు కడుగుతున్నాం. చేతులనిండా పొలుసులు. వాడా మాట అనగానే ముందు నవ్వింది నేను, తరవాత నువ్వు. ఇద్దరి నవ్వులూ ఆ ఫోనులో ఉన్నాయి. ఆ మాట నీ ఒక్కదానికే చెప్పాడా? నాకూ చెప్పాడు. సగం నాది కూడా."

"మాట సగం నీదే," అంది పాల్మా. "పొద్దున్నే కాఫీ పెట్టుకుని నొక్కేది నేను. అది మొత్తం నాది. అది కదా నువ్వు అమ్మింది."

"అమ్మడమేంటే! గ్వాసాకి..." రెగ్లా లేచి నిలబడింది. "గ్వాసాని గ్వాసాలా తీసుకోవాలి. ఇలా మూటగట్టి గుండెల్లో పెట్టుకుంటే ఎలా?" తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఇప్పుడు ఆమె గొంతులో వేళాకోళం లేదు. "చూడు, ఆదివారం నీ గుమ్మానికి వస్తున్నాం. తెలుసుగా. గ్వాసా లేకుండా చెబుతున్నాను పాల్మా, జన్మంతా రాశాను, ఇంత మంచి పాట రాలేదు. ఇక ముందు వస్తుందన్న ఆశ కూడా లేదు. దాన్ని చంపకు."

ఆ మాట అర్థం కావాలంటే పేట పద్ధతి తెలియాలి. కార్నివాల్ ఆఖరి ఆదివారం, గుంపు ఎవరి మీద కొంటె పాట కట్టిందో వాళ్ళ గుమ్మం ముందుకొచ్చి ఆ పాట పాడుతుంది. ఇంటివాళ్ళు వైను సీసాతో బయటికొచ్చి, పోసి, నవ్వాలి. నవ్వితే పాట పేటది అవుతుంది, ఏళ్ళ తరబడి పాడుకుంటారు. నవ్వకపోతే ఆ పాటను మళ్ళీ ఎవరూ ఎత్తరు. అలా నవ్వనివాళ్ళకు ఒక పేరుంది, ఉప్పులేనివాళ్ళు. చుట్టూ ఉప్పుమడులున్న ఆ ఊళ్ళో అంతకు మించిన తిట్టు లేదు. దొంగను క్షమిస్తారు, తాగుబోతును ఇంటికి మోసుకెళ్తారు, ఉప్పులేనివాడి పక్కన మాత్రం కూర్చోరు. అందుకే పాల్మాకు గుర్తున్నంతవరకూ ఎవరూ నవ్వకుండా ఉండలేదు. పెళ్ళాం ఇంకొకడితో పోయిన మొగుడి మీద పాట కడితే ఆ మొగుడూ నవ్వాడు.

రెగ్లా వెళ్ళిపోయాక పాల్మా గౌను తీసి ఒళ్ళో పెట్టుకుంది. విడిపోయిన కుట్టును రెండు వరసల దారంతో గట్టిగా వేసింది. కాలరు లోపలి నీలం చేప కంటబడింది. బ్లేడు తీసి దాని మీద ఆనించింది. మళ్ళీ పక్కన పెట్టేసింది. రెగ్లా దాన్ని ఎలాగూ చూడలేదు.

ఆ మూడు రోజులూ ఆమె భయమంతా ఒకటే. ఎలోయ్ పోయాడు, బదులు చెప్పకుండా పంపేసింది. కాసిల్దా చెయ్యూపలేదు. ఇప్పుడు రెగ్లా కూడా పోతే, పొద్దున తలుపు కొట్టే మనిషెవరు? పండగకు ఎవరి గౌనుకు చాకొలెట్టు పూయాలి? ఒక్క నవ్వు. ఆ నవ్వు ఇచ్చేస్తే అంతా మళ్ళీ మామూలవుతుంది. ముసలితనంలో మనుషుల్ని కోల్పోవడం కంటే ఆత్మాభిమానాన్ని కోల్పోవడం చవక అని తనకు తాను నచ్చజెప్పుకుంది. అద్దం ముందు నిలబడి నవ్వి చూసుకుంది. పళ్ళు కనబడ్డాయి. ఫరవాలేదనిపించింది.

ఆదివారం కాసిల్దా భోజనం వేళకే వచ్చింది. ఇద్దరూ మాటలు లేకుండా శనగల కూర తిన్నారు. గిన్నెలు కడుగుతుండగా దూరంగా డోలు వినబడింది.

"వింటానన్నాను కదా, వాళ్ళు వెళ్ళాక వింటాను," అంది కాసిల్దా. "వెళ్ళు. ముందు ఆ తంతు కానివ్వు."

పాల్మా సీసా, గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని మెట్లు దిగింది. ఎలోయ్‌లా కేకేసే అలవాటు ఆమెకు లేదు. అయినా చివరి మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది.

గుమ్మం బయట సందు నిండిపోయింది. నీలం గౌన్లు, వెనక పేట మొత్తం. పాల్మాను చూడగానే చప్పట్లు కొట్టారు. రెగ్లా ఆమె కళ్ళల్లోకి చూసి పాట ఎత్తుకుంది. ఈసారి జనానికి పాటంతా నోటికొచ్చు. "మెట్లు దిగుతున్నానే" దగ్గర సందు మొత్తం పాల్మా వెనకనున్న మెట్లవైపు వేలు చూపించి అరిచింది. అక్కడ నిజంగా ఎవరో దిగుతున్నట్టు. ఆమె తల తిప్పి చూసింది. తల తిప్పినందుకు జనం మరీ నవ్వారు.

చివరి చరణం అయిపోయింది. డోలు ఆగింది. నవ్వులు ఒక్కొక్కటే తగ్గాయి. ఇప్పుడు అందరూ ఆమెను చూస్తున్నారు.

"ఆగండర్రా, ఆగండి," అంది రెగ్లా జనం వైపు తిరిగి, చెయ్యెత్తి. "తొందరపడకండి. ఆవిడ నవ్వు నడిచొస్తుంది. మనందరి నవ్వూ బస్సెక్కింది, ఆవిడది ఇంకా స్టాపు దగ్గరుంది."

జనం ముసిముసిగా నవ్వి ఆగారు. పేటంతటికీ ఆ ఆలస్యపు నవ్వు తెలుసు, ఇష్టం కూడా. ముసలాళ్ళు టోపీలు వెనక్కి తోసుకుని వేచి చూశారు. పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు.

పాల్మా నవ్వడానికే వచ్చింది. నోరు తెరిచింది. అద్దంలో చూసుకున్నట్టే పెదాలు విడదీసింది. గొంతులోంచి ఏదీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. పళ్ళెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. 

"పాల్మా," అంది రెగ్లా, ఆమెకు మాత్రమే వినబడేలా. "ఒసే. నా తల్లి కదూ."

పాల్మా పళ్ళేన్ని గుమ్మం పక్కన అరుగు మీద పెట్టింది. సీసా తీసి, గ్లాసులన్నీ నింపింది. ఒక్క చుక్క కింద పడనివ్వలేదు. అప్పుడు నిటారుగా నిలబడింది.

"పాట బాగుంది," అంది. "ఎలోయ్ ఉంటే నవ్వేవాడు. గ్వాసా లేకుండా చెబుతున్నాను, నాకు నవ్వు రావడం లేదు."

ఎవరో వెనకనుంచి "ఉప్పులేనిది!" అన్నారు, మెల్లిగానే. ఇంకెవరో "ష్" అన్నారు. గ్లాసులు ఎవరూ ముట్టుకోలేదు. రెగ్లా చెవులకున్న తొడుగు తీసి చేత్తో పట్టుకుని నిలబడింది. ఆమె మొహంలో కోపం ఉంటే బాగుండేది. వీధిలో తప్పిపోయిన పిల్ల మొహంలా ఉంది. పాట పోయిందని ఆ మొహమో, పాల్మా పోయిందని ఆ మొహమో, బహుశా రెగ్లాకు కూడా తెలియదు. తరవాత డోలును చంకన పెట్టుకున్నామె కదిలింది. గుంపు ఆమె వెనక వెళ్ళింది, వాయించకుండా, మామూలు ఆడవాళ్ళు నడిచినట్టు.

ఎవరు వెళ్ళినా మలుపు తిరిగేదాకా చూసే పాల్మా ఆ రోజు చూడలేదు. గ్లాసులన్నీ అరుగు మీదే వదిలేసి, తలుపు మూసి, మెట్లెక్కింది.

పైన కాసిల్దా బల్ల ముందు కూర్చుని ఉంది. జపమాల పక్కన పెట్టేసింది. కిటికీ తలుపులు తనే మూసింది.

"విన్నాను," అంది.  పాల్మా చెయ్యి ఒకసారి తట్టి, "పెట్టు అమ్మాయ్. ఇప్పుడు వింటాను" అంది.

పాల్మా ఫోనును బల్ల మధ్యలో పెట్టి, శబ్దం పెంచి, నంబరు నొక్కింది. ఒక్క గంట మోగింది.

*"ఎలోయ్ అందుబాటులో లేడు. పనికి పిలిస్తే చచ్చాననుకోండి..."*

కాసిల్దా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

*"...తాగడానికి పిలిస్తే మెట్లు దిగుతున్నాననుకోండి."*

ఆ తరవాత ఊపిరి తీసుకునేంత ఖాళీ ఉంటుంది. దాని వెనక రెగ్లా నవ్వు, గబుక్కున, పగిలిన గాజులా. దాని వెనక, అందరూ ఆపేశాక, పాల్మా నవ్వు. ఇన్నేళ్ళూ పొద్దున్నే కాఫీ పెట్టుకుని ఆమె ఎదురుచూసింది ఎలోయ్ గొంతు కోసం మాత్రమే కాదు. ఆ చివరి నవ్వు కోసం కూడా. ఆ వంటింట్లో, చేతులనిండా పొలుసులతో, అంత ఆలస్యంగా, అంత హాయిగా నవ్విన ఆ ఆడమనిషి కోసం. ఆమెను వినాలంటే ముందు రెగ్లాను వినాలి. వేరే దారి లేదు.

రెగ్లా నవ్వు అందుకోబోతుండగానే పాల్మా బొటనవేలు ఎర్ర గుర్తు మీద పడింది. ఫోను తెగిపోయింది.

"అదేంటి?" అంది కాసిల్దా కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకా ఏదో ఉంది. ఎవరో నవ్వబోయినట్టున్నారు."

"ఎవరూ లేరు వదినా."

"మళ్ళీ పెట్టు. ఒక్కసారి."

పాల్మా మళ్ళీ నొక్కింది. ఎలోయ్ మళ్ళీ పలికాడు, పని గురించి, తాగడం గురించి, మెట్ల గురించి. ఈసారి ఆ నవ్వు వస్తుందన్న భయంతో ఆమె వేలు తొందరపడింది. మాట పూర్తి కాకుండానే, "దిగుతున్నాననుకోం" దగ్గరే, తెగిపోయింది.